చేపలు లేని తొట్టిని ఆరు వారాలు సాకాను

నెల్లూరు వేదాయపాళెంలోని మా ఇంటి ముందుగదిలో ఇప్పుడున్న చేపల తొట్టి ఒక లెక్కన మూడోది. గాజు మారలేదు, అడుగున పరిచిన గులకరాళ్లు మారలేదు. మారినవి నీళ్లు మాత్రమే. మొదటి రెండు సార్లు అందులో వేసిన చేపలన్నీ చచ్చిపోయాయి. ఆ రెండు సార్లూ తొట్టిలో నీళ్లు అడుగున గుండుసూది పడినా కనబడేంత తేటగా ఉన్నాయి. ముప్పయ్యేళ్లకు పైగా జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలల్లో భౌతిక రసాయన శాస్త్రాలు చెప్పి పదవీ విరమణ చేసిన నాకు, ఆ తేటనీళ్లలో ఏముందో చూపించడానికి రొయ్యల గుంటలు చేసే నా తమ్ముడు రావలసి వచ్చింది.

2023 జూన్‌లో బడులు తెరవడానికి ముందే చేపలు కొనాలని నా మనవరాలు పట్టుబట్టింది. ట్రంకు రోడ్డులోని ఒక అంగడిలో రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు గల తొట్టి, ఒక స్పాంజి ఫిల్టరు, గాలి పంపు, 8 గోల్డ్‌ఫిష్ పిల్లలు తీసుకున్నాము. కొలతల ప్రకారం ఆ తొట్టిలో 56 లీటర్లు పట్టాలి గానీ, గులకరాళ్లూ పైన వదిలిన ఖాళీ పోగా నికరంగా 45 లీటర్లకు మించవు. ఈ లెక్క నేను అప్పుడు వేయలేదు. తరువాత మందు కలపవలసి వచ్చినా, ఉప్పు వేయవలసి వచ్చినా ఈ లెక్కతోనే పని పడింది. నీళ్లు మురికిగా కనిపించినప్పుడు మారిస్తే చాలునని అంగడాయన చెప్పాడు, నేను నమ్మాను.

మా వీధికి కుళాయి నీళ్లు రావు. వాడకానికి బోరు నీళ్లు, తాగడానికి 20 లీటర్ల క్యాను నీళ్లు. మా బోరు నీళ్లలో పప్పు ఉడకదు, సబ్బు నురగ రాదు, వేడినీళ్ల కడ్డీకి నెల తిరగకుండానే సున్నం పేరుకుంటుంది. ఆ నీళ్లనే మధ్యాహ్నం తొట్టిలో నింపి, సాయంత్రం చేపలను వదిలాను. భూమిలోపలి నుంచి అప్పుడే పైకి వచ్చిన నీళ్లలో కరిగిన ఆక్సిజన్ తక్కువగా ఉంటుందనీ, కనీసం ఒక పగలూ ఒక రాత్రీ గాలి పట్టించిన తరువాతే వాటిని చేపలకు వాడాలనీ నాకు అప్పటికి తట్టలేదు. మూడో రోజుకు చేపలన్నీ పైకి చేరి నోళ్లు తెరుచుకుని గుటకలు వేయడం మొదలుపెట్టాయి. మొప్పలు ఎర్రగా కమిలాయి. తొట్టి శుభ్రంగా లేదనుకున్నాను. రోజు విడిచి రోజు నీళ్లన్నీ పారబోసి, గులకరాళ్లనూ స్పాంజినీ బ్లీచింగ్ పౌడరుతో కడిగి, మిద్దె మీద ఎండబెట్టి మళ్లీ అమర్చాను. అంత శ్రద్ధగా నేను వంటింటి గట్టు కూడా ఎప్పుడూ కడగలేదు. తొమ్మిదో రోజుకు ఒక్క చేప కూడా మిగలలేదు.

దోషమంతా బోరు నీళ్లదేనని తీర్మానించుకుని, జూలైలో రెండోసారి తొట్టిని క్యాను నీళ్లతో నింపాను. మనుషులు తాగే నీళ్లకన్నా మంచివి ఎక్కడుంటాయి? మళ్లీ 8 గోల్డ్‌ఫిష్‌లు. రెండు వారాలు చలాకీగా తిరిగాయి. నీళ్లు తేటగా ఉన్నాయి కనుక మార్చవలసిన అవసరమే కనబడలేదు. మూడో వారం చివర అవి మందగించి, మేతకు పరుగెత్తుకు రావడం మానుకున్నాయి. నాలుగో వారం నిండబోతున్న శనివారం నాడు కొంతైనా నీళ్లు మారుద్దామనుకుంటే క్యాను అబ్బాయి రాలేదు. సగం తొట్టి నీళ్లు రెండు బక్కెట్లలోకి తోడి కనకాంబరం మొక్కల దగ్గర పెట్టి, రెండు బక్కెట్ల బోరు నీళ్లు పోశాను. ఆదివారం తెల్లవారి చూస్తే ఎనిమిదీ తేలి ఉన్నాయి. మనవరాలు ఆ రోజంతా నాతో మాట్లాడలేదు.

ఆ పూటే నా తమ్ముడు మేత బస్తాల కోసం విడవలూరు వైపు నుంచి నెల్లూరు వచ్చి, భోజనానికి మా ఇంటికి వచ్చాడు. 1990 ప్రాంతాల్లో టైగర్ రొయ్యతో మొదలుపెట్టి, తెల్లమచ్చ జబ్బుకు రెండు గుంటలు పోగొట్టుకుని, ఇప్పుడు వనామీ రకం రొయ్య చేస్తున్నవాడు. నేను చచ్చిన చేపలను చూపించబోతే వాడు వాటి వంక చూడలేదు.

"చేపని చూసి ఏం లాభం అక్కా, నీళ్లు చూడాల. నిన్న తోడిన నీళ్లు ఉండాయా, పారబోశావా?" అని అడిగాడు.

ఒక బక్కెట్టు కనకాంబరాలకు పోశాను. రెండోది అలాగే ఉంది. వాడు కారులోంచి పెన్ను లాంటి పీహెచ్ మీటరు తెచ్చి ముందు ఆ బక్కెట్టులో, తరువాత తొట్టిలో, ఆ తరువాత బోరు కుళాయి కింద ముంచి చూశాడు. పీహెచ్ 7కు తక్కువైతే నీళ్లు ఆమ్లం, ఎక్కువైతే క్షారం. బక్కెట్టులో 5.7, తొట్టిలో 8.1. మూడు సీసాలలో నీళ్లు పట్టుకుని, తాను గుంట నీళ్లు చూపించుకునే ల్యాబులో ఇచ్చాడు. సాయంత్రానికి కాగితం ఫొటో నా ఫోనుకు వచ్చింది. బక్కెట్టు నీళ్లలో ఆల్కలినిటీ, అంటే ఆమ్లాన్ని తట్టుకునే శక్తి, దాదాపు సున్న. అమోనియా రంగు కార్డు మీద చివరి గడి దాటిపోతే, నీళ్లు పలుచన చేసి మళ్లీ చూసి లీటరుకు 20 మిల్లీగ్రాములకు పైనని రాశారు. తొట్టిలో అది 12. బోరు నీళ్లలో మొత్తం కరిగిన లవణాలు 1400, కఠినత 520, ఆల్కలినిటీ 380.

ఆ కాగితం ముందు కూర్చుని నేను నాలుగు వారాలను వెనక్కి చదువుకున్నాను. చేప విసర్జించే వ్యర్థంలో ఎక్కువ భాగం అమోనియాయే, అది మొప్పల నుంచే నీళ్లలోకి చేరుతుంది. తినకుండా మిగిలిన మేత కుళ్లినా అదే వస్తుంది. స్పాంజిలోనూ గులకరాళ్ల మీదా నిలదొక్కుకునే నైట్రోసోమోనాస్ వంటి సూక్ష్మజీవులు ఆ అమోనియాను నైట్రైట్‌గా, నైట్రోస్పైరా వంటివి నైట్రైట్‌ను నైట్రేట్‌గా మారుస్తాయి. మొదటిసారి ఆ సూక్ష్మజీవులు పుట్టకముందే వాటిని బ్లీచింగ్ పౌడరుతో కడిగేసింది నేనే. రెండోసారి అవి పని మొదలుపెట్టాయి కానీ, 1 మిల్లీగ్రాము అమోనియా నైట్రోజన్‌ను మార్చడానికి సుమారు 7 మిల్లీగ్రాముల ఆల్కలినిటీ ఖర్చవుతుంది. ఆర్ఓ యంత్రంలోంచి వచ్చిన క్యాను నీళ్లలో ఆ సొమ్ము పేరుకు మాత్రమే ఉంటుంది. ఉన్నది కాస్తా హరించుకుపోగానే పీహెచ్ పడిపోయింది, సూక్ష్మజీవుల పని నిలిచిపోయింది, అమోనియా పోగుపడింది. అయినా చేపలు వెంటనే చావలేదు, ఎందుకంటే ఆమ్లపు నీళ్లలో అమోనియా దాదాపు మొత్తం అమోనియం అయాన్ రూపంలో ఉంటుంది. ఆ రూపం మొప్పలను అంతగా దాటదు. పీహెచ్ 6 దగ్గర ఉన్నప్పటితో పోలిస్తే 8 దగ్గర, అదే వేడిమిలో, విషపూరితమైన స్వేచ్ఛా అమోనియా పాలు సుమారు 100 రెట్లు ఉంటుంది. నేను పోసిన రెండు బక్కెట్ల బోరు నీళ్లు ఒక్క రాత్రిలో ఆ పని చేశాయి.

నవాసారాన్ని, అంటే అమోనియం క్లోరైడును, తడిసున్నంతో కలిపి వేడి చేసి, ఘాటైన అమోనియా వాసనను ప్రతి ఏడాదీ పిల్లలకు చూపించిన దానిని నేను. క్షారం తగిలితే అమోనియం లవణం అమోనియాను వదులుతుందని నల్లబల్ల మీద ఎన్ని వందల సార్లు సమీకరణం రాశానో. ఆ సమీకరణాన్నే నా ఇంట్లో 45 లీటర్ల గాజు పాత్రలో, మనవరాలి చేపల మీద జరిపాను. పిల్లకు ఇది వివరించి చెప్పడానికి నాకు రెండు రోజులు పట్టింది. చెప్పాక అది నన్ను క్షమించిందో లేదో గానీ మాట్లాడటం మొదలుపెట్టింది.

మూడో ప్రయత్నంలో చేపలను కొనలేదు. ముందు ఆ సూక్ష్మజీవులను పెంచాలి, వాటికి మేత అమోనియా. నా పాత శిష్యుడొకడు ఒక కళాశాల ప్రయోగశాలలో పనిచేస్తున్నాడు. అతను అమోనియం క్లోరైడును అక్కడి త్రాసులో తూచి చిన్న పొట్లాలు కట్టి ఇచ్చాడు. 45 లీటర్లలో లీటరుకు 2 మిల్లీగ్రాముల అమోనియా ఉండాలంటే 0.28 గ్రాముల అమోనియం క్లోరైడు చాలు, చిటికెలో చిటికె. సంతపేటలో నా సహోద్యోగిని ఇంట్లో నాలుగేళ్లుగా నడుస్తున్న తొట్టి ఉంది. ఆమె ఫిల్టరు స్పాంజిని అదే తొట్టి నీళ్లలో పిండి, ఆ గోధుమరంగు నీళ్లను ఒక సీసాలో తెచ్చి నా తొట్టిలో పోశాను. ఆటోలో ఆ సీసాను ఒడిలో పెట్టుకుని వస్తుంటే డ్రైవరు అది ఏమి కషాయమని అడిగాడు.

గుంటలకు చల్లే ప్రోబయోటిక్ పొట్లం ఒకటి ఇమ్మని తమ్ముణ్ణి అడిగితే వాడు ఒప్పుకోలేదు. వాటిలో ఎక్కువగా ఉండేది బాసిల్లస్ జాతి, అది అడుగు బురదను అరిగించే పనికి మంచిదే గానీ అమోనియాను నైట్రేట్ చేసే పని దానిది కాదని చెప్పాడు. గుంట మట్టి అసలు ముట్టవద్దన్నాడు.

నీళ్ల సంగతి కూడా అప్పుడే తేల్చుకున్నాము. క్యాను నీళ్ల లవణాలు మా టీడీఎస్ మీటరులో 50 చూపించాయి. ఒక పాలు బోరు, రెండు పాళ్లు క్యాను కలిపితే లవణాలు 500 దగ్గరకు, ఆల్కలినిటీ 130 దగ్గరకు వస్తాయి. ఉప్పదనం తగ్గుతుంది, సూక్ష్మజీవులకు కావలసిన ఆల్కలినిటీ మిగులుతుంది. ఈ పాళ్లు మా బోరుకు మాత్రమే చెల్లుతాయి. మా వెనక వీధి బోరులో లవణాలు 900 కూడా లేవు కనుక, అక్కడివాళ్లు నా లెక్క పట్టుకుంటే వాళ్ల నీళ్లు పలుచనవుతాయి. కలిపిన నీళ్లను నేను మొదట మా అమ్మ ఇచ్చిన రాగి బిందెలో నిలువ చేశాను. అది చూసి తమ్ముడు గట్టిగా అరిచినంత పని చేశాడు. మనిషికి మేలని చెప్పుకునే రాగి నీళ్లు చేపకు, రొయ్యకు విషమే. ఆల్కలినిటీ తక్కువ ఉన్న నీళ్లలో ఇంకా తీవ్రంగా పనిచేస్తుంది. అప్పటి నుంచి మూత ఉన్న ప్లాస్టిక్ డ్రమ్ములో, పంపు గాలిని సన్న బుడగలుగా వదిలే గాలిరాయి ఒకటి వేసి, ఒక రోజంతా నిలువ చేస్తున్నాను.

ఆగస్టు 27న మొదలుపెట్టాను. చేపలు లేని తొట్టిలో పంపు గుడగుడలాడుతుంటే, ఇంటికి వచ్చినవాళ్లు చేపలేవని అడగడం, నేను ఇంకా రాలేదని చెప్పడం నెలన్నర పాటు సాగింది. రోజూ సాయంత్రం పరీక్ష గొట్టంలో చుక్కలు వేసి, రంగు చూసి, పాత హాజరు పట్టీ పుస్తకంలో రాసుకున్నాను. పది రోజులు అమోనియా కదలలేదు. 11వ రోజు నైట్రైట్ గొట్టంలో లేత గులాబి రంగు కనబడింది. 29వ రోజుకు పొట్లం వేసిన 24 గంటల్లో అమోనియా సున్నకు వచ్చింది, కానీ నైట్రైట్ ముదురు ఊదాగా దిగనన్నది. ఈ నడిమి వారాలలోనే చాలామంది ఓపిక నశించి చేపలు తెస్తారని తమ్ముడు హెచ్చరించాడు. నేనూ ఒక సాయంత్రం సంచి పట్టుకుని గేటు దాకా వెళ్లి వెనక్కి వచ్చాను. 38వ రోజుకు రెండూ సున్న. నైట్రేట్ మాత్రం బాగా పెరిగి ఉంది కనుక, మూడు వంతుల నీళ్లు మార్చి, అక్టోబరు 6న గప్పీలనే చిన్న రకం చేపలను 6 తెచ్చాము. మనవరాలు గోల్డ్‌ఫిష్‌లే కావాలంది. అవి ఎక్కువ తిని ఎక్కువ విసర్జిస్తాయి, జానెడు పెరుగుతాయి; 45 లీటర్లలో 8 చేపలను పెట్టడమే మొదటి తప్పు. గప్పీలకు కాస్త కఠినమైన నీళ్లే నచ్చుతాయి.

సంచిని అరగంట తొట్టిలో తేలనిచ్చి, తరువాత పది నిమిషాలకొకసారి గ్లాసెడు తొట్టి నీళ్లు సంచిలో పోస్తూ, గంటన్నర తరువాత చేపలను మాత్రం వలతో ఎత్తి వదిలాము. హేచరీ నుంచి వచ్చిన సీడును, అంటే రొయ్య పిల్లలను, గుంటలో దింపేటప్పుడు కూడా ఇలాగే చేస్తారు.

పది రోజులకు పైగా అమోనియా సున్న మీదే నిలిచింది. దసరాకు వచ్చిన బంధువుల పిల్లలు చేపలకు ఆకలిగా ఉందని గుప్పెడు బూందీ వేశారు. నూనె తెట్టు కట్టింది. బూందీని గొట్టంతో లాగేసి, సగం నీళ్లు మార్చినా మరునాటికి అమోనియా 0.5, ఆ పైన రెండు రోజులకు నైట్రైట్ 0.5 కనబడ్డాయి. నైట్రైట్ రక్తంలోని హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ మోయలేనిదిగా చేస్తుంది, మొప్పలు గోధుమరంగుకు తిరుగుతాయి. నీళ్లలో క్లోరైడు ఉంటే నైట్రైట్ మొప్పలలోకి చొరబడటం తగ్గుతుంది. అందుకని అయోడిన్ కలపని ఇస్కపల్లి కల్లుప్పు లీటరుకు 1 గ్రాము చొప్పున 45 గ్రాములు కరిగించి పోశాను. చేపలు దక్కాయి. ఇప్పుడు మేత డబ్బా మనవరాలి పుస్తకాల అరలో ఉంటుంది. రోజుకు ఒకసారి, రెండు నిమిషాల్లో తినేంత మాత్రమే అది వేస్తుంది. గుంటలో మేత వేశాక చెక్ ట్రే ఎత్తి ఎంత మిగిలిందో చూసినట్లే, ఇది కూడా గడియారం ముందు పెట్టుకుని చూస్తుంది.

నెల్లూరు దోమల గురించి నెల్లూరు వాళ్లకు చెప్పనక్కరలేదు. ముందుగదిలో రాత్రంతా దోమల మందు వెలిగించి ఉంచడం మాకు అలవాటు. ఆ మందులలో ఉండే పైరెథ్రాయిడ్ రసాయనాలు చేపలకు చాలా విషపూరితమైనవి, గాలి పంపు గదిలోని గాలినే పీల్చి నీళ్లలోకి పంపుతుంది. ఈ సంగతి తెలిసిన రోజునే ఆ గది కిటికీలకు జాలీ కొట్టించి, మందును పడకగదికి పరిమితం చేశాను, అది కూడా తలుపు వేసి.

డిసెంబరు 4న మిగ్‌జాం తుపాను మా తీరానికి దగ్గరగా వచ్చి, మరునాడు బాపట్ల వద్ద తీరం దాటింది. మా ఇంట్లో 17 గంటలు కరెంటు లేదు. పంపు ఆగిపోయిన తొట్టిలో మొదట తరిగేది ఆక్సిజన్. చేపలూ, స్పాంజిలోని సూక్ష్మజీవులూ దానినే పంచుకోవాలి. మేత పూర్తిగా ఆపేశాము. అరగంటకొకసారి చెంబుతో నీళ్లు ముంచి జానెడు ఎత్తు నుంచి సన్నధారగా పోశాను. తెల్లవారుజామున నేను కునుకు తీస్తే మనవరాలు పోసింది. అదే రాత్రి తమ్ముడు గుంట కట్ట మీద జనరేటరు పక్కన తడుస్తూ నిలబడి ఉన్నాడు. తెల్లవారి ఫోను చేసి ముందు నా గప్పీల గురించే అడిగాడు, అది పరిహాసమో నిజమో ఇప్పటికీ తెలియదు. మూడు రోజులు క్యాను రాలేదు. వీధిలోకి వచ్చిన ట్యాంకరు నీళ్లు బ్లీచింగ్ వాసన కొట్టాయి. మామూలు క్లోరిన్ అయితే గాలి పట్టించి ఒక రోజు ఉంచితే చాలావరకు పోతుంది. తొందరగా కావాలంటే సోడియం థయోసల్ఫేటు స్ఫటికాలు, 1 మిల్లీగ్రాము క్లోరిన్‌కు సుమారు 7 మిల్లీగ్రాముల లెక్కన. నాకు తొందర లేదు కనుక రెండు రోజులు ఉంచి వాడాను. ఆ తరువాత బ్యాటరీతో నడిచే పంపు ఒకటి కొన్నాను.

ఎండాకాలం కష్టం వేరు. 2024 మే నెలలో మధ్యాహ్నానికి తొట్టి నీళ్లు 34 డిగ్రీలు చూపించాయి. 25 డిగ్రీల వద్ద నీళ్లు లీటరుకు 8 మిల్లీగ్రాములకు పైగా ఆక్సిజన్ పట్టగలవు, 35 వద్ద 7 కూడా పట్టవు. పైగా వేడి పెరిగేకొద్దీ విషపు అమోనియా పాలూ పెరుగుతుంది. మూత తీసి వల కప్పి, బల్ల ఫ్యాను నీళ్ల మీదికి తిప్పితే రెండు డిగ్రీలు తగ్గింది. కానీ రోజుకు లీటరుకు పైగా ఆవిరైపోసాగింది. ఆవిరయ్యేది నీరు ఒక్కటే, లవణాలు తొట్టిలోనే ఉంటాయి. మొదట్లో ఆ తరుగును కలిపిన నీళ్లతోనే పూడ్చినందువల్ల మూడు వారాల్లో లవణాలు 500 నుంచి 700 దాటాయి. ఇప్పుడు తరుగుకు క్యాను నీళ్లు మాత్రమే పోస్తున్నాను, వారపు మార్పుకు మాత్రం కలిపిన నీళ్లు.

ఆ వారపు మార్పు ప్రతి ఆదివారం ఉదయం ముప్పావు గంట పని. సబ్బు తగలని, తొట్టికే కేటాయించిన బక్కెట్టులోకి పైపుతో గులకరాళ్ల మధ్య మడ్డితో సహా 12 లీటర్లు తీసి, ఆ నీళ్లలోనే స్పాంజిని రెండుసార్లు మెల్లగా పిండుతాను. అది మునుపటిలా పసుపుపచ్చగా మెరవదు, మట్టిరంగులో ఉంటుంది, ఉండనిస్తాను. తీసిన నీళ్లు కనకాంబరాలకు పోతాయి. నైట్రేట్ 40 దాటిన వారం ఒక బక్కెట్టు అదనంగా మారుస్తాను.

గప్పీలు పిల్లలు పెట్టి ఇప్పుడు ఇరవైకి పైగా అయ్యాయి, ఇంత తొట్టికి అవి ఎక్కువే. పంచిపెట్టాలి. మొన్న మేడ మీద కాపురముండే అమ్మాయి కొత్త తొట్టి కొని, నాలుగు పిల్లలను ఇమ్మని గ్లాసు పట్టుకుని వచ్చింది. ముందు నీళ్లు తెమ్మన్నాను. సీసా తెచ్చింది, పీహెచ్ 7.4, ఆల్కలినిటీ 20, పూర్తిగా క్యాను నీళ్లు, తొట్టి పెట్టి రెండు రోజులు. మా స్పాంజి పిండిన నీళ్లు ఆమె సీసాలోనే నింపి, ఒక పాత హాజరు పట్టీ పుస్తకమూ ఇచ్చి, నలభై రోజుల తరువాత రమ్మని పంపాను.